మూడో బంతి

తలుపులన్నీ లోపలి నుంచి గడియ వేసే ఉన్నాయి, కానీ మూడో బంతి వంటింట్లో రొట్టెల డబ్బాలో ఉంది.

మార్టా డబ్బా మూత చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. రాత్రి తను కోసిపెట్టిన రొట్టె ముక్కలను రెండు పక్కలకూ జరిపి, నడుమ గూట్లో గుడ్డు పెట్టినట్టు బేస్‌బాల్‌ని కుదురుగా పెట్టారెవరో. ఎర్ర కుట్ల పక్కన నల్ల సిరాతో పెద్దపెద్ద అక్షరాలు.

ఆదివారం దిబ్బ ఎక్కితే దిగవు.

ఇవాళే ఆదివారం.

మొదటి బంతి తొమ్మిది రోజుల కిందట గేటు దగ్గర ఉత్తరాల పెట్టెలో దొరికింది. దాని మీద 'దిబ్బ ఎక్కకు' అని రెండే మాటలు. రెండోది మంగళవారం కారు మీద. 'మళ్లీ చెప్పను' అని. ఆ రెండింటినీ పోలీసులు ప్లాస్టిక్ సంచుల్లో వేసుకుపోయారు. అప్పటి నుంచీ ఎదురింటి ముందు పోలీసు కారు రాత్రింబగళ్లు కాపలా ఉంటోంది. మార్టా కర్టెన్ తొలగించి చూసింది. కారు అక్కడే ఉంది. లోపల హాంకిన్స్ అనే పోలీసు నింపాదిగా కాఫీ తాగుతున్నాడు.

అంటే వచ్చినవాడు అతని కంట పడలేదు. లేదా, వచ్చినవాడు ఇంకా బయటికి పోలేదు.

ఆ ఆలోచన రాగానే మార్టా మెట్లకేసి పరుగెత్తింది. పై గదిలో ఐదేళ్ల జోసీ దుప్పటి కాళ్ల దగ్గరికి తన్నేసి, నోరు కొద్దిగా తెరిచి నిద్రపోతోంది. ఊపిరి ఆడుతోంది. మార్టా వంగి మంచం కింద చూసింది. ఒక చెప్పు, రెండు రంగు పెన్సిళ్లు. ఇక మిగిలింది బట్టల బీరువా. దాని పిడి మీద చెయ్యి వేసింది గానీ తీయడానికి ధైర్యం చాలలేదు. చివరికి కళ్లు మూసుకుని ఒక్క లాగు లాగింది. గౌన్లు ఊగాయి. ఇంకేమీ లేదు.

కిందికి వచ్చేసరికి మొగుడు వేడ్ పొయ్యి దగ్గర నిలబడి గుడ్లు వేయిస్తున్నాడు. గుమ్మానికి తల తగిలేంత పొడగరి. ముప్పై నాలుగేళ్లు. ఆటలేని పూట ఏం చేయాలో తెలియక వంటింట్లో తచ్చాడే మనిషి. మార్టా బంతి తెచ్చి బల్ల మీద పెట్టింది.

అతను చదివాడు. మళ్లీ చదివాడు. పొయ్యి ఆపి, ఇనుప పెనాన్ని పిడి పట్టుకుని బల్ల మీదికి తెచ్చాడు.

"వేడ్. గుడ్డ పెట్టుకోలేదు నువ్వు."

అతను తన చేతికేసి చూసుకున్నాడు, ఎవరి చెయ్యో చూసినట్టు. పెనం దించాడు. వేళ్ల మీద అడ్డంగా ఎర్రటి చార తేలుతోంది. ఆలోచనలో పడి సెగ గమనించలేదన్నాడు. కుళాయి కింద చెయ్యి పెట్టుకున్నాడు.

పంతొమ్మిదేళ్లప్పుడు ఒంటరిగా బస్సెక్కినప్పటి నుంచీ అతనికి తెలిసిన పని ఒక్కటే. ఆట చివర్లో, తమ జట్టు ఒకటి రెండు పరుగుల ముందంజలో ఉన్నప్పుడు మైదానం నడుమ మట్టిదిబ్బ ఎక్కి, బంతులు విసిరి మిగిలిన ముగ్గురినీ అవుట్ చేసి దిగిరావడం. రిలీఫ్ పిచర్ అంటారు. అవుట్ చేస్తే ఎవరికీ గుర్తుండడు, చేయకపోతే ఊరు మరిచిపోదు. పదిహేనేళ్లలో పదకొండు ఊళ్లు తిరిగాడు. పై లీగ్ వాళ్లు రెండుసార్లు పిలిచి, రెండుసార్లూ తిప్పి పంపారు. అక్కడ గడిపింది మొత్తం పంతొమ్మిది రోజులు. ఇప్పుడీ పోర్ట్ హార్లన్‌లో, సరస్సు ఒడ్డున, మూడో పిలుపు కోసం చూస్తున్నాడు.

నెల కిందట ఇక్కడే, లాన్స్‌డౌన్ జట్టుతో ఆటలో, వేడ్ వేసిన బంతి కోల్బీ రైస్ అనే ఇరవై రెండేళ్ల కుర్రాడి ముఖానికి తగిలింది. హెల్మెట్ అంచు కింద, ఎడమ కంటి దగ్గర. రెండు ఆపరేషన్లయ్యాయి. ఆ కంటికి ఇంకా వెలుతురు తెలియడం లేదు. వేడ్ ఆసుపత్రికి పోతే కుర్రాడి తల్లి అతని ముఖం మీదే తలుపు వేసింది. లాన్స్‌డౌన్ ఊరు ఊరంతా వేడ్ పేరెత్తితే ఉమ్మేస్తోంది. ఈ బంతులు పంపుతున్నది ఆ ఊరివాడెవడో అని పోలీసుల అనుమానం, మార్టా నమ్మకం. ఈ వారం ఆ జట్టే మళ్లీ వచ్చింది. ఇవాళ మధ్యాహ్నంతో వాళ్ల ఆటలు అయిపోతాయి.

"హాంకిన్స్‌ని పిలుస్తాను," అంది మార్టా.

"వద్దు."

"ఇంట్లోకొచ్చాడు వాడు. నేను రొట్టె పెట్టుకునే చోట చెయ్యి పెట్టాడు."

"హాంకిన్స్‌కి చెబితే జట్టు మేనేజర్‌కి చెబుతాడు. మేనేజర్ నన్ను కూర్చోబెడతాడు. ఇవాళ పై జట్టు నుంచి మనిషి వస్తున్నాడు, నన్ను చూడ్డానికే వస్తున్నాడు. ఇవాళ కూర్చున్నానంటే ఇక లేవను, మార్టా."

"కూర్చుంటే లేవనని నువ్వు. ఎక్కితే దిగవని వాడు. మరి నేనెక్కడ నిలబడను?"

వేడ్ తడిచేతిని చొక్కాకు తుడుచుకుని, ఎడమచేత్తో ఫోర్కు పట్టుకుని గుడ్లు తినసాగాడు. మార్టా చాలా మాటలంది. పిల్ల మాట ఎత్తింది, పెళ్లినాడు అతను చెప్పిన మాటలు తవ్వి తీసింది, ఊరు మారిన ప్రతిసారీ తను విప్పి కట్టిన పెట్టెలు లెక్కపెట్టింది. ఆ పై జట్టు మనిషి నీ శవపేటికకు పూలు పంపుతాడేమో అడుగు అని కూడా అంది. వేడ్ తింటూనే ఉన్నాడు.

అప్పుడు వెనక గదిలోంచి ఎమిల్ వచ్చాడు. మార్టా తండ్రి. భార్య పోయి ఆరేళ్లయింది. ఈ ఊరు అతనిదే, వీళ్లే అతని దగ్గరికి వచ్చి చేరారు. ముప్పై ఒక్క ఏళ్లుగా ఇక్కడి స్టేడియంలో పనిచేస్తున్నాడు. కొత్త బంతి నున్నగా మెరుస్తూ చేతిలోంచి జారుతుంది. అందుకని ప్రతి ఆటకూ ముందు పది డజన్ల బంతులకు నది ఒండ్రుమట్టి రుద్ది, ఆ మెరుపు చంపి, పట్టు వచ్చేలా చేయడం ఎమిల్ పని. చంకలో మట్టి ఉన్న కాఫీ డబ్బా, నెత్తిన టోపీ. బయల్దేరడానికి సిద్ధంగా ఉన్నాడు.

బల్ల మీది బంతి చూసి ఆగాడు. ఎక్కడ దొరికిందని అడగలేదు. తలుపులూ కిటికీలూ తనే రాత్రి పడుకునే ముందు చూశానని మాత్రం అన్నాడు. అల్లుడి వైపు తిరిగాడు.

"ఇవాళ్టికి మానెయ్యి బాబూ. దాని మాట విను."

వేడ్ ఫోర్కు కింద పెట్టాడు. "మీరు నాకు మాటిచ్చారు, పెద్దాయనా."

ఇద్దరూ ఒకళ్ల ముఖం ఒకళ్లు చూసుకుంటున్నారు. మార్టా ఇద్దర్నీ చూస్తోంది.

"ఏం మాట?"

ఎమిల్ టోపీ కిందికి లాక్కున్నాడు. వేడే అందుకున్నాడు. "మొగుడూ పెళ్లాల గొడవలో తలదూర్చనని. ఏం, అనలేదా?"

ఎమిల్ డబ్బా సర్దుకుని వెళ్లిపోయాడు. వెనక తలుపు మెల్లగా మూసుకుంది. తన తండ్రి ఎవరితోనైనా అబద్ధం ఆడాల్సి వస్తే ఇలాగే, ఏమీ అనకుండా వెళ్లిపోతాడని మార్టాకు తెలుసు. కానీ ఆ పూట ఆమెకు దాన్ని పట్టుకుని లాగే ఓపిక లేకపోయింది.

పది గంటలకు వేడ్ చెల్లెలు వచ్చి జోసీని నలభై మైళ్ల అవతల తన ఊరికి తీసుకుపోయింది. వేడ్ స్టేడియానికి వెళ్లిపోయాడు. మార్టా బంతిని చేతిరుమాల్లో చుట్టి సంచిలో వేసుకుంది. ఏదైనా జరిగితే ఆ క్షణమే పోలీసులకు ఇద్దామని. ఏదైనా జరిగాక ఇచ్చి ఏం లాభమో ఆలోచించుకోలేదు.

* * *

ఆరువేల మంది. అందులో ఒకడు.

మార్టా ఆటగాళ్ల ఇంటివాళ్లు కూర్చునే వరసలో చివరి కుర్చీ పట్టుకుంది. ఎవడైనా జేబులో చెయ్యి పెడితే ఆమె చేతులు బిగుసుకుంటున్నాయి. లాన్స్‌డౌన్ చొక్కా వేసుకున్న ఒకడు రెండుసార్లు లేచి వెళ్లాడు, రెండుసార్లూ వేయించిన ఉల్లిపాయలతో తిరిగొచ్చాడు. మూడోసారి లేచినప్పుడు ఆమె కూడా లేచి వెనకాలే నాలుగు మెట్లు దిగింది. వాడు తిరిగి చూసి, "క్యూ అటు వైపమ్మా," అన్నాడు.

కుడివైపు కంచె అవతల బుల్‌పెన్. వంతు కోసం పిచర్లు కాచుకుని కూర్చునే, దడి కట్టిన చోటు. వేడ్ అక్కడ బెంచీ మీద పొద్దుతిరుగుడు గింజలు నములుతూ, పొట్టు ఉమ్ముతూ కూర్చున్నాడు. కుడిచెయ్యి జాకెట్ లోపల పెట్టుకున్నాడు. జూలై ఎండలో జాకెట్.

ఆరో ఇన్నింగ్స్ అయ్యేసరికి పోర్ట్ హార్లన్‌కి మూడు, లాన్స్‌డౌన్‌కి రెండు. జనం గంతులేశారు. ఒక్క పరుగు ముందుంటే చివరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్ వేడ్‌దే. తొమ్మిదేళ్ల కాపురంలో మార్టా ప్రతి ఆటలోనూ ఆ ఒక్క పరుగు కోసమే మొక్కుకునేది. ఇవాళ మొదటిసారి, పెదవులు కదపకుండా, తన జట్టు ఓడిపోవాలని మొక్కుకుంది. వాళ్లకు పది పరుగులు రావాలి. వేడ్ ఆ బెంచీ మీంచి లేవకుండానే ఇంటికి రావాలి.

దేవుడు వినలేదు. ఏడో ఇన్నింగ్స్ కూడా మూడు, రెండుగానే ముగియబోతోంది. అప్పుడు ఒక బంతి బ్యాటు అంచుకు తగిలి, వెనక్కి లేచి, ముందు వరసలో మిసెస్ బాక్స్‌టర్ ఒళ్లో పడింది. డెబ్బై దాటిన మనిషి. ఇరవై ఏళ్లుగా అదే కుర్చీ. బంతిని గాల్లోకి ఎత్తి అందరికీ చూపించి, చప్పట్లు కొట్టించుకుని, వెనక్కి తిరిగింది.

"మీ నాన్న చేతి పని చూడు మార్టా. టీలో ముంచి తీసినట్టు. మా మనవడికి కొట్లో కొన్నాను ఒకటి, పాలపన్నులా తెల్లగా ఉంటుంది, చేత్తో పట్టుకుంటే చేపలా జారిపోతుంది."

మార్టా మర్యాదకు అందుకుంది. లేత గోధుమరంగు. ఒక పక్క లీగ్ ముద్ర. ఇంకో పక్క బ్యాటు తగిలి కమిలిన మచ్చ.

ఆమె బంతిని తిరిగి ఇవ్వలేదు. ఒళ్లో పెట్టుకుని, సంచిలోంచి రుమాలు తీసి విప్పింది.

అదే గోధుమరంగు. అదే పట్టు. కానీ ఎక్కడా ఒక్క గీత లేదు. బ్యాటు తగలలేదు, నేల తగలలేదు. తిప్పి చూసింది. లీగ్ ముద్ర ఉండాల్సిన చోట పిల్లల ఆటసామాన్ల కొట్టు గుర్తు ఉంది.

కొట్టు బంతి. కొట్టు బంతికి మట్టి ఎవడు రుద్దుతాడు? లాన్స్‌డౌన్ నుంచి వచ్చే పగవాడు మట్టి రుద్ది మరీ బెదిరించడు. ఎవడో ఆటలో దొరికిన బంతి పట్టుకెళ్లి రాశాడనుకోవడానికీ వీల్లేదు.

ముక్కు దగ్గర పెట్టుకుంది. నది వాసన. పొద్దుట వంటింట్లో ఆమెకు ఈ వాసన తెలియలేదు. ఎలా తెలుస్తుంది? తను పుట్టినప్పటి నుంచీ ఇంట్లో ఉన్నది ఆ వాసనే. తువ్వాళ్లలో, కారు సీట్లలో, నిద్రపుచ్చుతూ తల నిమిరిన చేతుల్లో.

ఆరువేల మందిలో ఒకడు అనుకుంది. వాడు పైన కూర్చోలేదు.

"మళ్లీ ఇస్తాను," అని మిసెస్ బాక్స్‌టర్ బంతి ఆమె చేతిలోనే పెట్టి, ఏం మాట్లాడుతోందో తనకే తెలియకుండా, మార్టా మెట్లు దిగింది.

* * *

స్టేడియం కింద, అంపైర్ల గది పక్కన చిన్న గది. ఒక బల్బు, ఒక బల్ల, గోడకు ఒక ఫోను. ఖాళీ అట్టపెట్టెలు పేర్చి ఉన్నాయి. కాఫీ డబ్బాలో మట్టి ఎండి అంచులు తెల్లబారుతున్నాయి. ఎమిల్ మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని రేడియోలో ఆట వింటున్నాడు. నెత్తి మీద ఆరువేల మంది కాళ్ల చప్పుడు.

మార్టా తలుపు మూసి, బంతి తెచ్చి బల్ల మీద పెట్టింది. ఎమిల్ చూశాడు. రేడియో తగ్గించాడు. ఆపలేదు.

"ఇది కొట్టు బంతి, నాన్నా."

"ఊఁ."

"దీనికి మట్టి ఎందుకు రుద్దావు?"

ఎమిల్ ఉలిక్కిపడ్డాడు. బంతిని బల్బు దగ్గరికి ఎత్తి, కళ్లజోడు పైకి నెట్టి చూశాడు. బొటనవేలితో రాశాడు. అతని ముఖం మెల్లగా పాలిపోయింది.

"రుద్దానా?" అన్నాడు. "నాకు తెలియనే తెలియదు."

మార్టాకు అప్పటిదాకా మిగిలిన ఒకే ఒక్క ఆశ, అతను నేను కాదంటాడని. అది పోయింది. అట్టపెట్టె మీద కూలబడింది.

"తొమ్మిది రాత్రులు నేను కత్తి దిండు కింద పెట్టుకుని పడుకున్నాను," అంది. "పొద్దున పిల్ల బీరువా తలుపు తీశాను నాన్నా. లోపల మనిషి ఉంటాడని తీశాను. నువ్వు వెనక గదిలో బూట్లు తొడుక్కుంటున్నావు."

ఎమిల్ తల దించుకున్నాడు. రేడియోలో ఎనిమిదో ఇన్నింగ్స్ ముగిసిందని చెబుతున్నారు. మూడు, రెండు. బుల్‌పెన్‌లో వేడ్ జాకెట్ విప్పాడట.

ఆ మాట వినగానే ముసలాయన చేతులు కదిలాయి. బల్ల మీది బంతిని రెండు అరచేతుల మధ్య పెట్టుకుని, తనకు తెలియకుండానే తిప్పసాగాడు.

"ఆ కుర్రాడికి దెబ్బ తగిలిన రోజు, ఆటయ్యాక మీ ఆయన ఈ గదికే వచ్చాడు," అన్నాడు. "తలుపేసుకుని, నేను చేతులు కడుక్కునే బకెట్లో వేడినీళ్లు పొయ్యమన్నాడు. పోశాను. పొగలు కక్కుతున్నాయి, నేను వేలు పెట్టలేకపోయాను. అతను చెయ్యి ముంచి కూర్చున్నాడు. చూపుడు వేలూ నడిమి వేలూ పాలిపోయి చచ్చినట్టున్నాయి. సూది ఉందా అన్నాడు. నేనే గుచ్చాను మార్టా. రక్తం వచ్చింది. అతను అటు తిరిగి కూర్చుని, ఇంకా గుచ్చరేం అని అడుగుతున్నాడు."

మార్టాకు పొద్దుటి పెనం కళ్ల ముందు మెదిలింది. ఎడమచేతిలో ఫోర్కు. జూలైలో జాకెట్.

"బంతి ఎప్పుడు వేళ్లు వదిలిందో తెలియలేదన్నాడు. ఒక్కోరోజు బాగుంటాయి, ఒక్కోరోజు ఉండవు, డాక్టరుకు చూపిస్తే ఆట అయిపోయినట్టే అన్నాడు. నీకూ మేనేజర్‌కీ చెప్పనని మీ అమ్మ సమాధి మీద ఒట్టు వేయించుకున్నాడు. వేశాను. ఏడుస్తున్నాడు, ఏం చేయను? అప్పటికి వేశాను."

నెత్తి మీద కాళ్ల చప్పుడు పెరిగింది. రేడియోలో గొంతు ఉత్సాహంగా అరుస్తోంది. దడి తలుపు తెరుచుకుంది. వేడ్ మైదానంలోకి పరుగెత్తి వస్తున్నాడు.

"ఒట్టు తప్పలేను. కళ్ల ముందు ఇంకో పిల్లాడు పడిపోతే చూడలేను. భయపెడితే తనంతట తనే మానేస్తాడనుకున్నాను. కొట్టుకెళ్లి కొత్త బంతులు కొన్నాను, నా జాడ తెలియకూడదని. రెండింటికి భయపడలేదు. బయట పోలీసు కారొచ్చింది, ఇక బయట పెట్టే దారి లేదు. లోపల పెడితే పిల్ల కోసమైనా ఆగుతాడనుకున్నాను. రోజూ ఆ డబ్బా ముందు తీసేది అతనే. ఇవాళ నువ్వు తీశావు."

మార్టా లేచింది. గోడ దగ్గరికి రెండడుగులు వేసి, ఫోను మీద చెయ్యి వేసింది. అది నేరుగా మేనేజర్ పక్కన మోగుతుంది. ఎత్తితే వేడ్ దిగిపోతాడు, ఇవాళ్టితో, ఎప్పటికీ. తన మొగుణ్ణి ఆ దిబ్బ మీంచి దించింది తనేనని అతను బతికినన్నాళ్లూ మరిచిపోడు. ఎత్తకపోతే.

ఆమె తండ్రి వైపు తిరిగింది. ఈ ఫోను నీ పక్కనే ఉంది కదా, నువ్వెందుకు ఎత్తలేదని అడిగింది.

ఎమిల్ అరచేతుల్లో బంతి తిరుగుతూనే ఉంది.

"రెండుసార్లు ఎత్తాను, తల్లీ. రెండుసార్లూ పెట్టేశాను. ఒట్టు వేసింది నేను, నువ్వు కాదు. నీకు చెప్పాను, ఆ ఒట్టు ఇప్పుడే తప్పాను. నేను చేయగలిగింది అంతే. ఆ కుర్రాడి కంటికి తగిలిన బంతి కూడా ఈ చేతుల్లోంచే వెళ్లింది. ఇవాళ పొద్దున ఇక్కడే కూర్చుని పది డజన్లు రుద్దాను. ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకోవడం, రుద్దడం, పెట్టెలో పెట్టడం. పెట్టిన ప్రతిదాన్నీ మళ్లీ తీసి చూశాను మార్టా. తగలబోయేది ఇదేనా, ఇదేనా అని."